పేదవాని గడప తొక్కిన క్షయ వైద్యం

మన సంఘాలలో డెబ్బై దాటిన పెద్దలను అడిగి చూడండి. "ఆరోగ్యవరం" అనే మాట చెవిని పడగానే ఒక్క క్షణం ఆగుతారు. మిషను బడిలో పంతులుగా పనిచేసిన మేనమామో, బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగిన పెద్దమ్మో, బోర్డింగులో చదువుకుంటూ దగ్గు పట్టుకున్న అన్నగారో, ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి బాగుపడి వచ్చి ఉంటారు. లేదా వెళ్లి, తిరిగి రాకుండా ఉంటారు. జబ్బు పేరు మాత్రం ఇంట్లో పైకి పలికేవారు కారు. "నెమ్ము" అనేవారు, "ఆ జబ్బు" అనేవారు. పెండ్లి కావలసిన పిల్లలు ఇంట్లో ఉంటే ఆ మాత్రపు మాట కూడా ఉండేది కాదు.

ఈ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయాల చరిత్ర, గురువుల చరిత్ర, బడుల చరిత్ర రాసేవారు తగినంతమంది ఉన్నారు. నేను క్షయ వైద్యపు చరిత్ర రాయబూనుకున్నాను. డబ్బున్నవాడికి ఒక తీరు వైద్యం, లేనివాడికి ఒక తీరు అన్న రోజుల నుండి, పట్నపు మురికివాడలో చాప మీద పడుకున్నవాడికి కూడా అదే నయం అవుతుందని రుజువైన రోజు వరకు ఒక దారి ఉంది. ఆ రుజువును చేతిలో పెట్టుకొని కూడా ప్రభుత్వాలు దాన్ని ఎట్లా చేజార్చుకున్నవో చెప్పే దారి మరొకటి ఉంది. మొదటి దారిలో చాలా భాగం మన పక్కనే, మదనపల్లిలోను మద్రాసులోను నడిచింది. అందుకే మన సంచికలో దీనికి చోటు ఉండవలెనని నా ఉద్దేశం.

1882 మార్చి 24న బెర్లినులో రాబర్ట్ కోహ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నానని ప్రకటించాడు. శత్రువు పేరు తెలిసింది గాని చంపే ఆయుధం దొరకడానికి ఇంకా అరవై ఏళ్లు పట్టింది. ఆ అరవై ఏళ్లూ వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. ఎత్తయిన ప్రదేశంలో, ఊరికి దూరంగా, వరండాలలో మంచాలు వేసి నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి రోగిని పడుకోబెట్టేవారు. దానికే శానిటోరియం అని పేరు. చెడిపోయిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడానికి ఛాతీలోకి గాలి ఎక్కించడం, పక్కటెముకలు తీసివేయడం వంటి చికిత్సలు తరువాత వచ్చాయి.

ఈ వైద్యం ఎవరికి అందుతుందో వేరే చెప్పనక్కరలేదు. జవహర్‌లాల్ నెహ్రూ గారి భార్య కమలా నెహ్రూ గారికి ఈ జబ్బు వచ్చినప్పుడు ఆమె హిమాలయాల దిగువన ఉన్న భొవాలీ శానిటోరియంలోను, ఆ పైన ఐరోపాలోను చికిత్స పొందింది. చివరకు 1936 ఫిబ్రవరి 28న స్విట్జర్లాండులోని లొజాన్‌లో కన్నుమూసింది. అంతటి ఇంటి బిడ్డను కూడా కాపాడలేని వైద్యమది. అయినా అదే ఉన్న వైద్యం, అది కూడా కొద్దిమందికే. 1946లో భోర్ కమిటీ తన నివేదికలో దేశం మొత్తం మీద సుమారు 25 లక్షల మంది అంటువ్యాధి దశలో ఉన్న క్షయ రోగులున్నారని, ఏటా సుమారు 5 లక్షల మంది చనిపోతున్నారని అంచనా వేసింది. వారందరికీ కలిపి ఉన్న పడకలు దాదాపు 6,000. రిక్షా తొక్కేవాడికి, బీడీలు చుట్టే ఆడమనిషికి, మిల్లు కూలీకి ఆ ఆరువేలలో ఒకటి దొరకడం కల్ల.

మన దేశంలో ఈ ఆరువేలకు పునాది వేసిన వారిలో మిషనెరీలు ముందున్నారు. 1906లో అజ్మీరు దగ్గర తిలోనియాలో మొదటి శానిటోరియం పెట్టినది వారే. దక్షిణాదిలో వేర్వేరు మిషనులు ఒక్కటై, చిత్తూరు జిల్లా మదనపల్లి పక్కన 1915లో యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం తెరిచాయి. ఊరు సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన ఉంది, గాలి పొడిగా ఉంటుంది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ గారు దానికి మొదటి సూపరింటెండెంటు. డాక్ట్రిను విషయంలో ఒకరితో ఒకరు పడని మిషనులు ఒక ఆస్పత్రి దగ్గర కలిసి ఖర్చు పెట్టుకున్నాయంటే, దగ్గు రోగం ఎంత గట్టిగా తరిమిందో ఊహించుకోవచ్చును.

మన వాళ్లు పేదలకు సేవ చేశారని చెప్పుకోవడం మనకు అలవాటు. అది అబద్ధం కాదు. కాని కొంచెం నిదానించి చూస్తే, మిషను పంతులుకు, కేటకిస్టుకు, వారి పిల్లలకు దొరగారి సిఫారసు ఉత్తరమైనా దొరికే వీలుండేది. పట్నంలో మూటలు మోసేవాడికి ఆ ఉత్తరం రాసేవాడెవడు? పైగా శానిటోరియం అంటే సంపాదించే మనిషి ఏడాది పాటు ఇంట్లో ఉండడు. అంతకాలం పిల్లలకు గంజి ఎవరు పోస్తారు? ఈ ప్రశ్నకు కొండ మీద జవాబు లేదు.

అయినా ఆరోగ్యవరం ఒట్టి పడకల ఆస్పత్రిగా ఉండిపోలేదు. అక్కడ సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ గారు స్వతంత్రం తరువాత క్షయ విషయంలో భారత ప్రభుత్వానికి సలహాదారు అయ్యారు. 1948లో బి.సి.జి. టీకా మన దేశంలో మొదలైన చోట్లలో మదనపల్లి ఒకటి. (ఆ టీకా మీద 1955లో రాజాజీ గారు ఎంత గట్టిగా వాదించారో పెద్దలకు గుర్తుండవచ్చును.) 1950 నుండి డాక్టర్ జె. ఫ్రిమోట్-మోలర్ గారు మదనపల్లి చుట్టుపక్కల పల్లెలలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జబ్బు ఉందో లెక్కకట్టారు. తరువాత 1955 నుండి 1958 వరకు దేశమంతటా ఆరు మండలాలలో సర్వే జరిగినప్పుడు అందులో హైదరాబాదు ఒకటి, మదనపల్లి ఒకటి. పట్నాలలోనే క్షయ ఎక్కువ, పల్లెలు శుభ్రం అనుకునేవారికి ఆ సర్వే ఆశ్చర్యం కలిగించింది. రెండుచోట్లా ఇంచుమించు ఒకే లెక్క తేలింది. అంటే జబ్బు దేశమంతా పరచుకొని ఉంది, ఎన్ని శానిటోరియాలు కట్టినా చాలవు.

ఈలోగా మందులు వచ్చాయి. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. దాని వెంట పాస్ వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ ఫలితాలు లోకానికి తెలిశాయి. న్యూయార్కు నగరంలో స్టాటెన్ ఐలండ్ మీద ఉన్న సీ వ్యూ ఆస్పత్రిలో ఆ మందును రోగులకు ఇచ్చి చూశారు. మంచం దిగలేని వారు వార్డులలో నాట్యం చేశారని పత్రికలు రాశాయి. ఆ ఆస్పత్రి గురించి ఒక మాట చెప్పాలి. 1929 ప్రాంతంలో అంటుకు భయపడి తెల్ల నర్సులు అక్కడి ఉద్యోగాలు వదిలిపోతుంటే, నగరం వారు దక్షిణ రాష్ట్రాల నుండి నల్లజాతి నర్సులను పిలిపించారు. వేరే ఆస్పత్రులు వారిని గేటు లోపలికి రానిచ్చేవి కావు. ఎవరూ చేయని పనికే వారికి తలుపు తీశారు. ఐసోనియాజిడ్ పరీక్షలలో రోగుల పక్కన నిలబడి మందు ఇచ్చినవారిలో వీరున్నారు.

మందు దొరికింది, చవక కూడా. అయినా వైద్యుల మనసు కొండ దిగలేదు. ఒక మందు ఒంటరిగా ఇస్తే కొన్ని క్రిములు దానికి లొంగకుండా మిగిలి మళ్లీ పెరుగుతాయి కాబట్టి, రెండు మందులు కలిపి కనీసం ఏడాది పాటు వాడాలి. పాస్ కడుపులో తిప్పుతుంది, రోజుకు గ్రాముల లెక్కన మింగాలి. రెండు మూడు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, రోగి తనకు బాగైందనుకుంటాడు. అటువంటప్పుడు చదువురాని కూలివాడు ఏడాది పాటు ఇంట్లోనే ఉండి మందు వాడతాడా? ఇరుకు గదిలో ఆరుగురి మధ్య పడుకుంటే మిగిలిన ఐదుగురి గతి ఏమిటి? గంజి తాగేవాడికి మందు పనిచేస్తుందా? ఈ మూడు ప్రశ్నలు నాటి పెద్ద డాక్టర్లు అడిగినవే. వాటిలో న్యాయం ఉంది. పేదవాడు బాధ్యత లేనివాడన్న పాత అభిప్రాయం కూడా కొంత కలిసి ఉందని నాకు తోస్తుంది. అమెరికాలో నల్లవారికి క్షయ ఎక్కువగా వస్తే, అది వారి జాతి లక్షణమని వాదించిన వైద్యులు ఉండేవారు. లోపం జాతిలో లేదని, వారు బ్రతుకుతున్న పరిస్థితులలో ఉందని 1906లోనే డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ గారు లెక్కలతో జవాబు చెప్పవలసి వచ్చింది.

1956లో మద్రాసులో ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ అని ఒక సంస్థ ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంగ్లండు వైద్య పరిశోధన మండలి కలిసి చేట్‌పట్‌లో దానిని పెట్టాయి. మొదట ఐదేళ్లకే అనుకున్నారు. డాక్టర్ వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు డైరెక్టరు. ఆయన పక్కన డాక్టర్ సి.వి. రామకృష్ణన్, డాక్టర్ ఎస్. దేవదత్త, లెక్కల వారైన ఎస్. రాధాకృష్ణ మొదలైనవారు పనిచేశారు.

వారు చేసిన పని చెప్పుకోవడానికి చాలా సామాన్యంగా ఉంటుంది. కఫంలో క్రిములు ఉన్న 193 మంది మద్రాసు పేదలను తీసుకున్నారు. వారిలో ఎవరిని ఇంటి దగ్గర ఉంచాలి, ఎవరిని శానిటోరియానికి పంపాలి అన్నది వైద్యుడు తన ఇష్టం వచ్చినట్టు నిర్ణయించలేదు. చీట్లు తీసినట్టుగా నిర్ణయించారు. లేకపోతే జబ్బు తేలికగా ఉన్నవారందరూ ఒక పక్కకు పోయి లెక్క తప్పుతుంది. రెండు వర్గాలకూ ఒకే మందు, ఐసోనియాజిడ్, పాస్ కలిపి, ఒక సంవత్సరం. శానిటోరియం వారికి మంచం, విశ్రాంతి, నర్సులు, పాలు, గుడ్లు. ఇంటివారికి వారి ఇల్లే, వారి తిండే, వారి పనే.

ఇంటి రోగులు క్లినిక్కుకు వచ్చి మందు పట్టుకుపోయేవారు. హెల్త్ విజిటర్లు ఆ సందుల్లో ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లేవారు. చెప్పకుండా వెళ్లి మిగిలిన మందు లెక్కపెట్టేవారు, మూత్రం తీసుకొని పరీక్ష చేసి మందు నిజంగా కడుపులోకి పోయిందో లేదో చూసేవారు. ఈ భాగాన్ని చదువరులు కొంచెం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తరువాత కథ అంతా దీని మీదే తిరుగుతుంది. "ఇంటి వైద్యం" అంటే రోగిని ఇంటికి పంపివేయడం అని వారు ఎన్నడూ అనలేదు. రోగి వెంట ఇంటికి పోవడం అన్నారు.

ఏడాది తిరిగింది. శానిటోరియంలో 100కు 92 మందికి, ఇంటి దగ్గర 100కు 86 మందికి జబ్బు అణిగింది. ఇంటివారిలో మొదట్లోనే జబ్బు కొంచెం ముదిరినవారు ఎక్కువ ఉండడం కూడా ఆ తేడాకు ఒక కారణం. ఆ తరువాత ఐదేళ్లు వారిని వెంబడించి చూస్తే ఆ చిన్న తేడా కూడా మిగలలేదు. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇక ఇంటిలోని మిగిలినవారి సంగతి. రోగిని ఇంట్లో ఉంచిన కుటుంబాలలో కొత్తగా జబ్బు పడినవారు, రోగిని దూరంగా పంపిన కుటుంబాలకన్నా ఎక్కువ లేరు. అంటు తగిలేదంతా జబ్బు బయటపడక ముందే, రోగి ఏమీ తెలియక దగ్గుతూ తిరిగే నెలల్లోనే తగిలిపోతున్నది. మందు మొదలయ్యాక అతనివల్ల ప్రమాదం బాగా తగ్గిపోతుంది. మన ఇళ్లలో మందు తింటున్న మనిషికి వేరే కంచం, వేరే లోటా పెట్టి పశువుల పాక పక్కన పడుకోబెట్టిన వారు ఎందరో ఉన్నారు. అదంతా జబ్బును ఆపడానికి కాదని, మనసులను విరవడానికేనని 1960లోనే తేలిపోయింది. ఆ వార్త మన వీధులకు చేరడానికి మాత్రం ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. కొన్ని వీధులకు ఇంకా చేరలేదు.

తిండి సంగతి 1961లో అచ్చయ్యింది. శానిటోరియంలో ఉన్నవారు బాగా తిన్నారు, బరువు బాగా పెరిగారు. ఇంటివారి తిండి తక్కువ, బరువు తక్కువ పెరిగారు. కాని మందు సరిగా పడితే జబ్బు నయం కావడంలో తిండి పెద్ద తేడా తేలేదు. పేదవాడికి ఇది గొప్ప శుభవార్త. గుడ్లు పాలు కొనలేవు కాబట్టి నీకు నయం కాదు అని ఇక ఏ డాక్టరూ అతని మొహాన చెప్పలేడు.

ఈ శుభవార్తలోనే ఒక ముల్లు కూడా ఉంది. రోగికి తిండి లేకపోయినా మందుతో నయమవుతుంది అన్న మాటను, తిండితో పని లేదు, ఇంటితో పని లేదు, కూలితో పని లేదు అని చదువుకోవడం పాలకులకు ఎంత సులువు! మద్రాసు వారు రాసింది జబ్బు పడినవాడి గురించి. జబ్బు పడకుండా ఎవడు ఉంటాడన్నది వేరే ప్రశ్న. దాన్ని సరిగా అడగడానికి ఇంకా అరవై ఏళ్లు పట్టింది.

మద్రాసు ఫలితాలు వచ్చిన వెంటనే దేశం కదిలింది. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. 1961లో మన అనంతపురం జిల్లాలో జిల్లా క్షయ నివారణ పథకాన్ని మొదట ఆచరణలో పెట్టి చూశారు. 1962లో అదే జాతీయ కార్యక్రమమైంది. ఊరి ఆస్పత్రిలోనే కఫం పరీక్ష, అక్కడే మందు. ఆ రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఇక్కడ పనిచేసినవారిలో డాక్టర్ హాఫ్డన్ మాలర్ గారు ఒకరు. డెన్మార్కులో బాప్టిస్టు బోధకుని కుమారుడు. 1973లో ఆ సంస్థకే డైరెక్టరు జనరల్ అయ్యారు. 1978లో అల్మా-అటా సభ ప్రాథమిక వైద్యం అందరి హక్కు అని చాటినప్పుడు ఆయనే నాయకుడు. ఆ చాటింపు వెనుక దక్షిణ భారతంలో చూసిన సంగతులు చాలా ఉన్నాయని నేననుకుంటాను.

కాగితం మీద అంతా బాగుంది. కాని మద్రాసు పద్ధతిలో ఖర్చు తక్కువ అయిన భాగాన్ని మాత్రమే ప్రభుత్వం తీసుకుంది. మందు పొట్లం కట్టి రోగి చేతికి ఇచ్చారు. వెంట ఇంటికి పోయే హెల్త్ విజిటరు లేదు, మాత్రలు లెక్కపెట్టేవాడు లేడు. ఒక్కోసారి పొట్లంలో మందు కూడా లేదు. రోగి స్వయంగా మందు వాడుకోవడంలో ఉన్న చిక్కుల గురించి ఫాక్స్ గారు 1958లోనే ఒక వ్యాసం రాశారు. 1964లో మద్రాసు కేంద్రం మరొక మార్గం చూపింది. వారానికి రెండుసార్లు మాత్రమే, కాని వైద్య సిబ్బంది కళ్ల ఎదుటే మందు ఇస్తే రోజువారీ మందుకు ఏమాత్రం తీసిపోదు. దాన్నీ చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1992లో జాతీయ కార్యక్రమాన్ని సమీక్షించినప్పుడు, చికిత్స మొదలుపెట్టినవారిలో పూర్తి చేసేవారు సగానికి లోపేనని బయటపడింది.

ఇది బీదదేశపు అవ్యవస్థ అని తీసివేయడానికి వీలు లేదు. న్యూయార్కులోనూ అచ్చం ఇదే జరిగింది. ఇంటి వైద్యం చాలునని తేలింది కదా అని అక్కడి క్షయ పడకలు మూసివేశారు. ఆ మిగిలిన డబ్బుతో పేటపేటకు క్లినిక్కులు, ఇంటింటికి సిబ్బంది అన్నారు. పడకలు మూతపడ్డాయి, డబ్బు మాత్రం పేటలకు రాలేదు. 1970 దశకంలో నగరం దివాలా అంచుకు వచ్చినప్పుడు ఉన్న క్లినిక్కులు కూడా తగ్గాయి. ఎయిడ్సు, ఇళ్లు లేనితనం తోడయ్యాయి. నల్లజాతివారు నివసించే హార్లెం పేటలో 1988లో క్షయతో ఆస్పత్రిలో చేరిన 224 మందిని ఇద్దరు వైద్యులు గమనించారు. మందులిచ్చి ఇంటికి పంపిన 178 మందిలో 100కు 89 మంది మళ్లీ క్లినిక్కు మొహం చూడలేదు. హార్లెంలోని నల్లజాతి మగవాడికి అరవై ఐదేళ్లు బ్రతికే అవకాశం బంగ్లాదేశ్ మగవాడి కన్నా తక్కువ అని 1990లో మరో ఇద్దరు వైద్యులు లెక్కకట్టి చూపారు. వారిలో ఒకరు బంగ్లాదేశ్‌లో పనిచేసి వచ్చినవారే. అంతకుముందు 1985లో అమెరికా ఆరోగ్యశాఖ కార్యదర్శి మార్గరెట్ హెక్లర్ గారి నివేదిక, అల్పసంఖ్యాక జాతులలో ఏటా సుమారు 60,000 మంది చనిపోనక్కరలేని చావులు చస్తున్నారని చెప్పింది. ప్రపంచంలోకెల్లా ధనిక దేశపు సంగతి ఇది.

1992లో న్యూయార్కు నగరంలో 3,811 మందికి క్షయ సోకింది. అప్పుడు వారు చేసింది మద్రాసులోను, తరువాత హాంకాంగులోను తేలిన పనే. సిబ్బంది రోగి ఇంటికి, పనిచేసే చోటికి, వీధి మూలకు, పార్కు బెంచీ దగ్గరకు వెళ్లి, ఎదుట నిలబడి మందు మింగించారు. భోజనం కూపన్లు, బస్సు టోకెన్లు ఇచ్చారు. 1994 నాటికి రోగుల సంఖ్య 2,995కు దిగింది. ఆ పనిని నడిపిన డాక్టర్ టామ్ ఫ్రీడెన్ గారు 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున మన దేశానికి వచ్చి కొత్త క్షయ కార్యక్రమానికి సాయపడ్డారు. మద్రాసు గల్లీలలో మొలిచిన విత్తనం హార్లెంలో కాచి మళ్లీ మన ఇంటికి వచ్చింది. మన పెరటి చెట్టు మనకు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు!

హైదరాబాదులో 1995లోనే మహావీర్ ఆస్పత్రి అనే ఒక ట్రస్టు ఆస్పత్రి, ప్రభుత్వం ఇచ్చిన మందులతో, లక్ష జనాభా ఉన్న పేటలలో ఈ పద్ధతిని మొదలుపెట్టింది. ఆ పేటలలో జనం దగ్గు వస్తే ముందు పోయేది సర్కారు ఆస్పత్రికి కాదు, వీధి చివరి ప్రైవేటు డాక్టరు దగ్గరికి. అందుకని ఆ డాక్టర్లతోనే మాట్లాడి, రోగిని తమ దగ్గరికి పంపేటట్టు, ఇంటి పక్కనున్న నర్సింగుహోములోనే మందు మింగేటట్టు ఏర్పాటు చేశారు. 1998లో ఐదు లక్షల జనాభాకు విస్తరించారు. పేదవాడు ఎక్కడికి నడిచి పోగలడో అక్కడికి మందును తేవడమే ఇందులో ఉన్న కిటుకు. 2006 మార్చి నాటికి కొత్త కార్యక్రమం దేశమంతటా వ్యాపించింది.

ఎదుట నిలబడి మింగించడంలో ఒక అవమానం కూడా లేకపోలేదు. వారానికి మూడు రోజులు కూలి మానుకొని మందు కేంద్రం ముందు నిలబడితే, పేట అంతటికీ జబ్బు సంగతి తెలిసిపోతుంది. పెండ్లి కాని ఆడపిల్ల అక్కడికి ఎట్లా పోతుంది? 2017 నుండి రోజువారీ మందు పద్ధతికి మారిన తరువాత ఈ బాధ కొంత తగ్గింది. జబ్బును దాచుకోవడంలో మన సంఘాలు ఎవరికీ తీసిపోలేదని కూడా ఇక్కడ ఒప్పుకుందాం. "గుడికి రావడం లేదేమి?" అని అడిగితే "ఒంట్లో బాగాలేదు" అనే జవాబు వెనుక ఏ జబ్బు ఉందో సంఘ పెద్దలకు చివరి వరకు తెలియని ఇళ్లు ఉన్నాయి.

ఇక ఆ తిండి ప్రశ్న. 2018 ఏప్రిల్ నుండి ప్రభుత్వం క్షయ రోగికి పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 నవంబరు నుండి అది 1,000 అయింది. ఈ మధ్యలో, జార్ఖండ్‌లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. అందులో పాలుపంచుకున్న సంస్థలలో ఒకటి చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, అంటే 1956లో చేట్‌పట్‌లో ఐదేళ్ల కోసం పెట్టిన అదే కేంద్రం. ఈసారి వారు 2,800 మంది రోగుల ఇళ్లలో ఉన్న 10,345 మందిని చూశారు. రోగికి అన్ని ఇళ్లలోనూ తిండి ఇచ్చారు. సగం పేటలలో మాత్రం ఇంట్లోవారికి కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో ఫలితం అచ్చయింది. ఇంట్లోవారికి తిండి అందిన చోట కొత్తగా క్షయ పడినవారు 100కు 39 వంతులు తగ్గారు. ఊపిరితిత్తుల నుండి అంటించే రకం అయితే దాదాపు సగం తగ్గింది. మందు రోగిని బాగుచేస్తుంది, పక్కవాడిని కాపాడేది అన్నం. 1961 నాటి మాటను ఇది కొట్టివేయలేదు. అప్పుడు అడగని సగం ప్రశ్నకు జవాబు చెప్పింది.

ఆరోగ్యవరం ఇప్పుడు క్షయ శానిటోరియం కాదు, అన్ని జబ్బులూ చూసే మెడికల్ సెంటరు. రోగులు ఇళ్లలోనే ఉన్నారు. 2022 సెప్టెంబరు నుండి "ని-క్షయ మిత్ర" అనే పేరుతో ఎవరైనా, వ్యక్తి గాని సంస్థ గాని సంఘం గాని, తమ ప్రాంతపు క్షయ రోగులకు నెలనెలా తిండి దినుసుల బుట్ట ఇచ్చే బాధ్యత నమోదు చేసుకోవచ్చును. రోగి అనుమతి ఉంటేనే పేరు తెలుపుతారు. 2024లో రోగి ఇంట్లోని మిగిలినవారికి కూడా ఈ బుట్ట ఇవ్వడానికి ప్రభుత్వం వీలు కల్పించింది.